మిరపచేల గట్టున బడి
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నాకు ఇరవై నిమిషాలు ఇచ్చారు. అందులో రెండు నిమిషాలు మైకు సరిచేయడానికే పోయాయి. డిసెంబరు 17 మనకు ఎందుకు పండుగో నాకు ముందు మాట్లాడినవారు చెప్పారు. 1982లో ఇదే రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు, పెన్షను అనేది ప్రభుత్వం దయతలచి వేసే బిచ్చం కాదు, చేసిన సేవకు రావలసిన హక్కు అని తేల్చింది. ఆ విషయం మళ్ళీ చెప్పను. డి.ఏ. బకాయిల సంగతి అంతకన్నా చెప్పను. అది మనవాళ్ళు కాఫీ దగ్గర ఎటూ చెప్పుకుంటారు.

నేను మాట్లాడదలచిన విషయం వేరు. ఊచకోతలో ప్రాణాలు దక్కించుకున్న కుటుంబాల పిల్లలు పెరిగి పెద్దవాళ్ళై, మళ్ళీ ఆ ప్రాంతానికే వచ్చి, అక్కడి పల్లె పిల్లలకు చదువు చెబుతున్న సంగతి. ఇందాక లోపలికి వస్తుంటే ఒక మిత్రులు, "పండుగ పూట ఆ పాత గొడవలు ఎందుకండీ?" అన్నారు. వారు పెద్దమనిషి, నాకు గౌరవం. అయితే ఈ గొడవ పాతది అయిందా లేదా అన్నది నేను చెప్పేది విన్న తర్వాత వారే నిర్ణయించుకోవచ్చు.

ముందు ఒక మాట గురించి. కారంచేడు జరిగినప్పుడు, చుండూరు జరిగినప్పుడు మన పత్రికలు 'నరమేధం' అని రాశాయి, 'మారణకాండ' అని రాశాయి. ప్రపంచంలో 'జాతిసంహారం' అనే మాటకు చట్టంలో వేరే నిర్వచనం ఉంది. రఫేల్ లెమ్కిన్ అనే యూదు న్యాయవాది 1944లో ఆ మాటను తయారుచేశాడు. 1948 డిసెంబరు 9న ఐక్యరాజ్యసమితి దాని మీద ఒడంబడిక చేసింది. మన దేశం 1959లో దాన్ని ఆమోదించింది. ఒక జాతిని, మతాన్ని, తెగను పూర్తిగానో కొంతగానో నాశనం చేయాలన్న సంకల్పంతో చేసేది జాతిసంహారం. కారంచేడులో ఆరుగురు, చుండూరులో ఎనిమిది మంది. సంఖ్యలో ఇది కంబోడియా కాదు, రువాండా కాదు. ఆ మాట దీనికి అతుకుతుందా అతకదా అన్నది లా కాలేజీ వాళ్ళకు వదిలిపెడుతున్నాను. ఆ రోజు ఇల్లు వదిలి పరుగెత్తిన పిల్లవాడి కళ్ళల్లోకి చూసినవాణ్ణి నేను. వాడికి సంఖ్యలు తెలియవు. 'మమ్మల్ని అందరినీ చంపుతారు' అన్నంతవరకే తెలుసు.

నేను సాంఘిక సంక్షేమ శాఖలో హాస్టలు వార్డెనుగా పనిచేశాను. 1979లో చేరాను, 2009లో దిగాను. అందులో చాలా భాగం చీరాల, పర్చూరు వైపే గడిచింది. ఆ నేల మీకు తెలుసు. నల్లరేగడి. నేను చేరేనాటికి పొగాకు, పత్తి. పత్తి మీద ఎంత డబ్బు వచ్చిందో అంత డబ్బూ పోయింది కూడా. 1987-88లో తెల్లదోమ కొట్టి గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి రైతులు పురుగుమందే తాగి చనిపోయిన సంగతి ఈ సభలో చాలామందికి జ్ఞాపకం ఉండే ఉంటుంది. తర్వాత తర్వాత మిరప పెరిగింది. ఏ పంట వేసినా ఆ నేలలో ఒక మార్పు లేదు. పొలం ఒకరిది, వంగి పనిచేసే నడుము ఇంకొకరిది.

కారంచేడు సంగతి ఇప్పటి పిల్లలకు తెలియదు గనుక క్లుప్తంగా చెబుతాను. 1985 జూలై 16 సాయంత్రం. మాదిగపల్లె వాళ్ళు మంచినీళ్ళు ముంచుకునే చెరువు దగ్గర, భూస్వాముల కులానికి చెందిన యువకులు గేదెల కుడితి బకెట్టు కడుగుతున్నారు. ఆ మురికి చెరువులో పడుతోంది. ఒక అవిటి కుర్రవాడు ఇదేమిటని అడిగాడు. వాణ్ణి కొట్టబోయారు. నీళ్ళకు వచ్చిన మున్నంగి సువార్త అనే ఆమె అడ్డం వెళ్ళి, తన మీదికి కొరడా లేచేసరికి చేతిలో ఉన్న బిందె ఎత్తింది. అంతే. మర్నాడు 17వ తేదీ పొద్దున వందలమంది పల్లె మీద పడ్డారు. ఆరుగురిని చంపారు. ఆడపిల్లల మీద అత్యాచారాలు చేశారు. మిగిలినవాళ్ళు చేలకు అడ్డం పడి చీరాల చేరి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. అక్కడే శిబిరం. పొన్నూరులో సంస్కృతం లెక్చరరుగా ఉన్న కత్తి పద్మారావు గారు, హైకోర్టులో ప్రభుత్వ న్యాయవాది పదవి వదులుకున్న బొజ్జా తారకం గారు ఆ ఉద్యమంలో ముందు నిలిచారు. దళిత మహాసభ అందులో నుంచే పుట్టింది. కేసు కింది కోర్టు, హైకోర్టు దాటి 2008 డిసెంబరు 19న సుప్రీంకోర్టులో తేలింది. ఒకరికి యావజ్జీవం, 29 మందికి మూడేసి ఏళ్ళు. జరిగిన నాటికీ తీర్పు నాటికీ మధ్య 23 సంవత్సరాలు. నేను వార్డెనుగా చేసిన మొత్తం సర్వీసు 30.

ఆరేళ్ళకు చుండూరు. 1991 ఆగస్టు 6. సినిమా హాల్లో కాలు తగిలిందన్న తగాదాతో మొదలై, సాంఘిక బహిష్కారం దాకా వెళ్ళి, చివరికి ఎనిమిది మందిని నరికి గోనెసంచుల్లో కుక్కి కాలవల్లో వేసేదాకా వచ్చింది. చుండూరు దళితుల్లో రైల్వే ఉద్యోగులు ఎక్కువ, చదువుకున్న పిల్లలు ఎక్కువ. అసలు కంటగింపు అక్కడ ఉందని అప్పుడే చాలామంది రాశారు. నాకూ అదే అభిప్రాయం. చదువురానివాడు కాలు తగిలిస్తే తిట్టి ఊరుకునేవారు. చదువుకున్న కుర్రవాడి కాలు తగిలింది.

ఇక్కడ ఒక తేడా గమనించండి. దీని గురించి నేను చాలా ఏళ్ళు ఆలోచించాను. కారంచేడు వాళ్ళు మేము ఆ ఊరు తిరిగి వెళ్ళం అన్నారు. చంపినవాళ్ళ చేలో మళ్ళీ కూలికి వంగం అన్నారు. ప్రభుత్వం చీరాలలో వాళ్ళకు కాలనీ కట్టింది. చుండూరు వాళ్ళు మొదట తెనాలి వెళ్ళి సాల్వేషన్ ఆర్మీ ఆవరణలో ఉన్నారు. కాని వాళ్ళు తిరిగి వచ్చారు. చనిపోయినవాళ్ళను ఊరి నడుమ సమాధి చేసి ఆ చోటుకు రక్తక్షేత్రం అని పేరు పెట్టారు. విచారణ జరిపే ప్రత్యేక కోర్టు కూడా మా ఊళ్ళోనే పెట్టాలని పట్టుబట్టి సాధించారు. నేరం జరిగిన ఊరికే కోర్టు నడిచివచ్చింది. 2007 జూలై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది చొప్పున శిక్ష వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ విడుదల చేసింది. వ్యవహారం సుప్రీంకోర్టుకు వెళ్ళింది.

వెళ్ళిపోవడం సరైనదా, తిరిగి రావడం సరైనదా అని నన్ను అడిగితే నేను చెప్పను. బతికి బయటపడ్డవాడికి ఆ రెండు హక్కులూ ఉన్నాయి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు ఈ రెండు ఊళ్ళూ బాపట్ల జిల్లాలోకి వచ్చాయి. ప్రకాశం గొడవ, గుంటూరు గొడవ అని వేరువేరుగా చెప్పుకునే వీలు కూడా పోయింది.

సరే, నా హాస్టలు సంగతికి వస్తాను. 1986 జూన్‌లో చీరాల కాలనీ నుంచి కొందరు పిల్లల్ని మూడో తరగతిలో చేర్చుకున్నాను. ఒక రేకు పెట్టె, రెండు జతల బట్టలు. మిగతా పిల్లల్లాగే కంచం పట్టుకుని వరుసలో నిలబడేవారు. తేడా ఏమీ కనపడలేదు. శ్రావణమాసంలో ఒక రాత్రి హాస్టలు ముందు నుంచి పెళ్ళి ఊరేగింపు వెళ్ళింది. బాణసంచా, అరుపులు, కేకలు. ఊరేగింపు వెళ్ళిపోయాక లెక్క చూస్తే ముగ్గురు తక్కువ. వాచ్‌మనూ కామాటీ లాంతరు పట్టుకుని వెతికారు. చివరికి మా వంటావిడ స్టోరు గదిలో బియ్యం బస్తాల వెనకాల చూసింది. ముగ్గురూ ఒకరి నోరు ఒకరు మూసుకుని కూర్చుని ఉన్నారు. ఏడవలేదు. ఏడిస్తే వినపడుతుందని.

ఆ మర్నాటి నుంచి వంటావిడ వాళ్ళ పక్కలు వంటగది గుమ్మం దగ్గర వేయించింది. "నేను ఈడనే పడుకుంటా, నన్ను దాటుకుని ఎవుడొస్తాడో చూద్దాం" అని చెప్పింది. ఇప్పుడైతే కౌన్సెలింగ్ అంటారు. ఆవిడ వేలిముద్ర వేసి జీతం తీసుకున్న మనిషి.

ఆ ముగ్గురిలో ఒకడి గురించి చెబుతాను. పేరు చెప్పను. చెప్పవద్దని అతనే అన్నాడు. లెక్కల్లో మొద్దు. తొమ్మిదో ఎక్కం మూడేళ్ళు నేర్చుకున్నాడు. కాని ఒక సంగతి కనిపెట్టాను. తనకు రాని లెక్కను చిన్నపిల్లలకు చెప్పమంటే చెప్పేవాడు, చెబుతూ చెబుతూ తాను నేర్చుకునేవాడు. రాత్రి స్టడీలో వాడికి నాలుగో తరగతి అప్పగించాను. అలా పది పాసయ్యాడు, ఇంటరు చదివాడు, మైనంపాడు డైట్‌లో టీచరు ట్రైనింగు చేశాడు. 2002 డి.ఎస్.సి.లో సెకండరీ గ్రేడు టీచరు ఉద్యోగం వచ్చింది.

ఒంగోలులో కౌన్సెలింగు. కందుకూరు వైపు ఒక ఖాళీ, కారంచేడుకు రెండూళ్ళ అవతల ఒక ఖాళీ. అతను రెండోది కోరుకున్నాడు. రెండు రోజులకు వాళ్ళమ్మ నా ఇంటికి వచ్చింది. గడప దగ్గరే నిలబడి, "అయ్యా, మావోడు మళ్ళీ ఆ దోవనే పోతానంటన్నాడు. నువ్వన్నా చెప్పు. నీ మాటయితే ఇంటాడు" అంది. అతన్ని పిలిపించి, "ఏరా, కందుకూరు ఏమైంది?" అని అడిగాను. "ఏం కాలేదు సార్. కందుకూరు దూరం. ఇదైతే చీరాల నించి సైకిలు మీద పోయి రావచ్చు" అన్నాడు. ఇంకా ఏదన్నా చెబుతాడేమోనని చూశాను. చెప్పలేదు. తల్లి వైపు తిరిగి, "అమ్మా, నేను వాళ్ళ కాడికి పోవట్లేదు. పిల్లకాయల కాడికి పోతన్నా" అన్నాడు. ఆమె ఇంక మాట్లాడలేదు. కాని ఏడాది పాటు రోజూ సాయంత్రం కాలనీ మలుపులో నిలబడి సైకిలు కోసం చూసేదని తర్వాత తెలిసింది.

బడికి వెళ్ళిన మొదటి రోజున ఒక పెద్ద రైతు వచ్చి, "ఏ ఊరు మాస్టారూ మీది?" అని అడిగాడట. ఇతను కారంచేడు అన్నాడు, చీరాల అనలేదు. ఆ రైతు కాసేపు నేల చూసి, "బడి తాళంచెవి పంచాయితీ ఆఫీసులో ఉంటది" అని చెప్పి వెళ్ళిపోయాడట. ఇందులో అర్థం వెతకకండి. అంతే జరిగింది.

ఆ బడిలో ఎవరున్నారు? పల్లె పిల్లలు, వెనకబడిన కులాల పిల్లలు. రైతుల పిల్లలు పొద్దున్నే పసుప్పచ్చ బస్సెక్కి కాన్వెంటుకు పోతారు. కారంచేడులో నీళ్ళ దగ్గర గీసిన గీత ఇప్పుడు బస్సు దగ్గర గీశారని నా అభిప్రాయం. కాదనేవాళ్ళు ఉంటే కాఫీ దగ్గర వాదించుకుందాం.

అసలు సంగతి సంక్రాంతి తర్వాత మొదలైంది. మిరపకాయ కోతలు మీకు తెలుసు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా. కోతకు స్థానికంగా మనుషులు చాలరు. పశ్చిమ ప్రకాశం నుంచి, కర్నూలు వైపు నుంచి మేస్త్రీలు కుటుంబాలకు కుటుంబాలనే తీసుకువస్తారు. చేల గట్ల మీద పట్టాలతో గుడారాలు వేసుకుంటారు. పదేళ్ళు దాటిన పిల్ల కోతకు వెళుతుంది. అంతకన్నా చిన్నదైతే చంటివాణ్ణి చంకనేసుకుని గుడారం దగ్గర కాపలా. కళ్లంలో తాలుకాయ ఏరే పని పిల్లల చేతులకే బాగా వస్తుందని మేస్త్రీలు చెబుతారు. మిరపకాయ కోసిన చేతుల మంట పడినవాళ్ళకే తెలుసు. రాత్రి నిద్ర పట్టదు. పొరపాటున ఆ చేత్తో కళ్ళు నలుపుకుంటే చెప్పనక్కరలేదు. మనం గుంటూరు యార్డులో టిక్కీ ధర ఎంత పలికిందో పేపర్లో చదువుతాం. ఆ టిక్కీలోని కాయ ఏ చేత్తో కోశారో పేపర్లో రాదు.

ఆ పిల్లల పేర్లు మార్కాపురం వైపో, కనిగిరి వైపో ఏదో బడి రిజిస్టరులో ఉంటాయి. అక్కడ గైరుహాజరు. ఇక్కడ అసలు పేరే లేదు. మే నెలలో తిరిగి వెళ్ళేసరికి చదువు నాలుగు నెలలు వెనకబడి ఉంటుంది. రెండుసార్లు అలా జరిగితే మూడోసారి ఆ పిల్ల బడి మొహం చూడదు. తల్లిదండ్రులు వలస పోయినా పిల్లలు సొంత ఊళ్ళో ఉండి చదువుకోవడానికి ప్రభుత్వం సీజనల్ హాస్టళ్ళు పెట్టింది. మంచి ఆలోచన. నేను హాస్టలు మనిషిని గనుక చెబుతున్నాను, పదేళ్ళ ఆడపిల్లను నాలుగు నెలలు వదిలిపెట్టి పోవడానికి తల్లికి గుండె ఒప్పుకోదు. చంటివాణ్ణి ఎవరు చూస్తారన్న లెక్క కూడా ఉంటుంది.

ఇతను ఆ గుడారాల దగ్గర సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది దాకా బడి మొదలుపెట్టాడు. మొదట పెట్రోమాక్సు దీపం, ఇప్పుడు చార్జింగు బల్బు. మొదటి పాఠం చేతులు కడుక్కోవడం. పలక పట్టుకునే ముందు సబ్బుతో కడిగి, కొబ్బరినూనె రాసి, మళ్ళీ తుడవాలి. అందుకని ఒక నీళ్ళ డ్రమ్ము పెట్టాడు. తాగే నీళ్ళకు మూత ఉన్న బిందె వేరే పెట్టాడు. చేను రైతు బోరు నీళ్ళు పట్టుకోనిచ్చాడు, ఆ మాట కూడా చెప్పాలి.

రెండో ఏడో మూడో ఏడో, ఒక వలస తల్లి మాస్టారు ఎవరి తాలూకో మేస్త్రీని అడిగి తెలుసుకుంది. మర్నాటి నుంచి వాళ్ళ పిల్లవాడు బడికి సీసాతో వచ్చాడు, ఇంటి నీళ్ళు. ఇంటి నీళ్ళు అంటే అదే బోరు నీళ్ళు. వాళ్ళు కూలివాళ్ళు. గుడారంలో బతుకుతున్నారు. వాళ్ళకూ వీళ్ళ బిందె పనికిరాలేదు. ఇతను ఏమీ అనలేదు. నాలుగు రోజులు పోయాక సీసా ఖాళీ అయితే పిల్లవాడు బిందెలో ముంచుకుని తాగాడు. తర్వాత సీసా తేవడం మానేశాడు. ఇది చెప్పి అతను నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఏ చెరువు దగ్గర ఏం జరిగిందో ఎరిగినవాణ్ణి, నాకు ఎలా వస్తుంది?

కాలనీలో కూడా అందరూ మెచ్చుకున్నారనుకోకండి. "మన పిల్లకాయలకే దిక్కులేదు, పడమటోళ్ళ పిల్లలెందుకు నీకు?" అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. అతను దానికి జవాబు చెప్పకుండా ఆదివారాలు కాలనీలో కూడా పాఠం పెట్టాడు. నెమ్మదిగా మనుషులు కలిశారు. ఆ కాలనీలో పుట్టి నర్సు ఉద్యోగం చేస్తున్న ఒకమ్మాయి, బ్యాంకులో పనిచేసే ఒకతను నెలనెలా కొంత ఇస్తున్నారు. చుండూరులో 1991నాటికి అయిదేళ్ళ పిల్లగా ఉన్న ఒకావిడ ఇప్పుడు టీచరు. ఆదివారం రైలెక్కి చీరాలలో దిగి వస్తుంది. వెళ్ళిపోయిన ఊరి అబ్బాయి, తిరిగి వచ్చిన ఊరి అమ్మాయి, ఎవరికీ సొంతం కాని చేల గట్టు మీద పక్కపక్కన కూర్చుని కూడికలు దిద్దుతున్నారు.

ఇలాంటిది లోకంలో ఇంకెక్కడైనా ఉందా అని నేను పుస్తకాలు తిరగేశాను. ఉంది. కంబోడియాలో 1975 ఏప్రిల్ 17 నుంచి 1979 జనవరి 7 దాకా ఖ్మేర్ రూజ్ పాలన. పదిహేను లక్షలకు పైగా జనం చనిపోయారు. బడులు మూసేశారు. చదువు చెప్పేవాణ్ణి ముందు చంపారు. రాజధాని ఫ్నోమ్ పెన్‌లో ఒక హైస్కూలునే చిత్రహింసల జైలుగా మార్చారు. తూల్ స్లెంగ్ అంటారు, ఇప్పుడు మ్యూజియం. ఆ పాలన పడిపోయాక బతికి ఉన్నవాళ్ళలో కాస్త చదువు వచ్చినవాళ్ళు చెట్ల కింద కూర్చోబెట్టి, అసలు రానివాళ్ళకు చెప్పారు. టీచరు ట్రైనింగు ఉందా అని అడిగే పరిస్థితి లేదు.

అక్కడివాడే ఆర్న్ చోర్న్-పాండ్. చిన్నపిల్లవాడుగా శిబిరంలో ఉన్నప్పుడు, వేణువు వాయించమంటే వాయించి ప్రాణం నిలుపుకున్నాడు. తర్వాత అమెరికా చేరాడు. పెద్దయ్యాక తిరిగి తన దేశం వెళ్ళాడు. కళాకారుల్లో చాలామందిని చంపేశారు గదా, మిగిలిన ముసలి గురువులు ఎక్కడున్నారని ఊరూరా వెతికాడు. కొందరు దొరికారు. వాళ్ళకు కొంత జీతం ఏర్పాటు చేసి పిల్లలకు సంగీతం నేర్పించే ఏర్పాటు 1998లో మొదలుపెట్టాడు. నేను ఈ సంగతి ఈ సభలో ఎందుకు చెబుతున్నానంటే, పిల్లలకు నేర్పడానికి అతనికి కావలసివచ్చింది ముసలివాళ్ళు. మనవంటివాళ్ళు.

మన దగ్గరా అలాంటి పెద్దలు లేకపోలేదు. ఎస్.ఆర్. శంకరన్ గారు మా శాఖకు కార్యదర్శిగా చేసిన ఐ.ఏ.ఎస్. అధికారి. పేద పిల్లల గురుకుల పాఠశాలల వెనక ఆయన పట్టుదల ఎంత ఉందో ఆ శాఖలో చేసినవాళ్ళందరికీ తెలుసు. పెళ్ళి చేసుకోలేదు. జీతంలోనూ, తర్వాత పెన్షనులోనూ పెద్ద భాగం పేద పిల్లల చదువులకే పోయేది. పద్మభూషణ్ ఇస్తామంటే వద్దన్నారు. 2010లో వెళ్ళిపోయారు. ఆయనంతటి వాళ్ళం మనం కాదు. మనవడి కాన్వెంటు ఫీజు, షుగరు మాత్రలు, కంటి ఆపరేషను అన్నీ ఆ పెన్షనులోనే వెళ్ళాలి. నేను మీ పెన్షను అడగడం లేదు. పేపరు పని అడుగుతున్నాను.

ఎందుకంటే ఇక్కడ చిక్కు పాఠంలో లేదు, కాగితంలో ఉంది. నిరుడు గుడారాల్లో ముప్ఫై ఆరుగురు పిల్లలు చదివారు. వాళ్ళు ఇక్కడ ఇన్ని రోజులు చదివారని ఇతను తెల్లకాగితం మీద రాసి ఇస్తాడు. అది పట్టుకుని సొంత ఊరు వెళితే ఒక హెడ్మాస్టరు ఒప్పుకుంటాడు, ఇంకొకరు ఇది చెల్లదంటారు. ఏడో తరగతి పిల్ల ఒకతి ఆ కాగితం చూపించినా పేరు కొట్టేశామన్నారట. నాకు ఫోను వచ్చింది. నేను ముప్ఫై ఏళ్ళు ఫైళ్ళు రాసినవాణ్ణి. 'విషయము', 'సూచిక' పెట్టి, 2009 విద్యాహక్కు చట్టం, 5వ సెక్షను, బదిలీ సర్టిఫికెట్టు ఆలస్యమైందన్న కారణంతో ప్రవేశం నిరాకరించరాదు, 4వ సెక్షను, వయస్సుకు తగిన తరగతిలో చేర్చుకోవలెను అని రాసి, నకలు మండల విద్యాశాఖాధికారి గారికి అని కింద వేసి రిజిస్టరు పోస్టులో పంపాను. పదిరోజుల్లో ఆ పిల్ల ఎనిమిదిలో కూర్చుంది. అదే ఏడాది ఒక కుర్రవాడి సంగతి మాకు ఆలస్యంగా తెలిసింది. అప్పటికే వాణ్ణి గుంటూరులో కోల్డ్ స్టోరేజీ పనికి పంపేశారు. పన్నెండేళ్ళు. బస్తా వాడి కన్నా బరువు. వాడి కోసం ఇంకా తిరుగుతున్నాం.

ఆ మాస్టారుకు పాఠం చెప్పడం వచ్చు, ఇలా రాయడం రాదు. ఈ హాలులో తాసిల్దారు ఆఫీసులో, ట్రెజరీలో, విద్యాశాఖలో జీవితమంతా ఇదే పని చేసినవాళ్ళు డెబ్బై మంది కూర్చుని ఉన్నారు. ఒక్కొక్కరు ఇద్దరు పిల్లల పేర్లు తీసుకుంటే చాలు. ఆ పిల్ల సొంత ఊరు ఏది, బడి ఏది, హెడ్మాస్టరు ఎవరు, ఏప్రిల్‌లో కాగితం చేరిందా, జూన్‌లో పిల్ల చేరిందా. ఫోను చేసి అడగాలి. కాదంటే రాయాలి. మళ్ళీ కాదంటే బస్సెక్కాలి. రిటైరైన ఉపాధ్యాయ మిత్రులు వారానికి ఒక్క సాయంత్రం గుడారాల దాకా వస్తే ఇంగ్లీషు అక్షరాలు చెప్పేవాళ్ళు దొరికినట్టే.

ఎవరిళ్ళలోనైనా "ఆ గొడవల్లోకి నువ్వెందుకు?" అంటారేమో. మాస్టారు వాళ్ళమ్మ కూడా మొదట అదే అన్నది. ఆమె ఇప్పుడు లేదు. చివరి రెండేళ్ళు గుడారాల పిల్లలకు మరమరాలు ఆవిడే మూట కట్టి పంపేది.

సంక్రాంతి దాటిన మొదటి సోమవారం కోతలు మొదలవుతాయని మేస్త్రీ కబురు చేశాడు. చీరాల బస్టాండు నుంచి సాయంత్రం ఆరింటికి ఆటో మాట్లాడాను, తొమ్మిదిన్నరకు తిరిగి దింపుతాడు. పేర్లు రాసే పుస్తకం కోశాధికారి గారి బల్ల మీద, లైఫ్ సర్టిఫికెట్ల ఫైలు పక్కన పెట్టాను. మొదటి పేరు నాదే రాశాను, రెండో గీత ఖాళీగా ఉంది. వచ్చేవాళ్ళు దగ్గర చూపు కళ్ళజోడు మరిచిపోకండి, ఆ బల్బు వెలుతురు మనకు చాలదు. ఒక చేతిరుమాలు కూడా తెచ్చుకోండి. మిరప ఘాటుకు మొదటి రోజు అందరికీ దగ్గు వస్తుంది.